నాడీకణం: ఒక వివాద చరిత్ర

తెలుగులో 'నాడి' అన్న మాటకు అర్థాలు అనేకం. వైద్యుడు మణికట్టు పట్టి చూసేది నాడి. యోగశాస్త్రంలో ఇడ, పింగళ, సుషుమ్న అనేవి నాడులు. ఎదుటివాని మనసెరిగి మెలగగలవాడు అతని నాడి తెలిసినవాడు. ఆధునిక శరీరశాస్త్రం ఈ దేశంలో ప్రవేశించిన పిమ్మట, మెదడునుండి వెన్నుపామునుండి బయలుదేరి దేహమంతటా వ్యాపించే తెల్లని దారాలకు సైతం ఈ పేరే స్థిరపడినది. హిందీ శాస్త్రపరిభాష 'తంత్రిక' అన్న మాటను స్వీకరించినది. అందులో వీణతంత్రి వినవస్తుంది. బెంగాలీవారు 'స్నాయువు' అన్నారు. సంస్కృత వైద్యగ్రంథాలలో అది కీళ్లను బిగించే కట్టు. గ్రీకుల 'న్యూరాన్' అన్న మాటకు కూడ మొదట అదే అర్థం కావడం విశేషం.

నాడి అంటే గొట్టం. తంత్రిక అంటే తీగ. స్నాయువు అంటే కట్టు. ఒక్కొక్క భాష ఒక్కొక్క ఊహను ఎన్నుకొన్నది. ఈ మూడు ఊహలకూ ఒక్క లక్షణం సామాన్యం: మూడింటిలోను ఆ వస్తువు తెగకుండా సాగిపోయేదే. ఐతే నిజంగా నాడీమండలం అట్టి అఖండమైన వలయేనా? లేక దేహంలోని తక్కిన అవయవాలవలె విడివిడి కణాల సముదాయమా? 19వ శతాబ్దపు చివరి పాదంలో ఐరోపా శాస్త్రజ్ఞులను రెండు పక్షాలుగా చీల్చిన ప్రశ్న ఇది. ఒకే సాధనం చేతపట్టి ఒకే దృశ్యాన్ని చూసిన ఇద్దరు మహనీయులు దీనికి పరస్పర విరుద్ధమైన సమాధానాలు చెప్పినారు.

నాడులలో ప్రవహించేది ఏమిటన్న విషయంలో అప్పటికే కొంత వెలుగు ప్రసరించి ఉన్నది. ఇటలీలోని బొలోన్యా నగరవాసి లూయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాలు విద్యుత్తు సోకగానే అదరడం గమనించి, జంతుదేహంలోనే ఒకవిధమైన విద్యుత్తు ఉన్నదని 1791లో ప్రకటించినాడు. అతని దేశీయుడైన వోల్టా దానిని ఖండించినాడు. ఆ ఖండనలోనుండే 1800లో విద్యుద్ఘటమాల పుట్టినది. 1850లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్స్ కప్ప నాడిలో వార్త ఎంత వేగంతో పోతుందో కొలిచి, అది సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చినాడు. ఆ వేగం కొలతకు అందదని ఆయన గురువు యొహానెస్ ముల్లర్ అంతకుముందు భావించి ఉన్నాడు. మనోవేగమని కవులు ఏ వేగాన్ని ఉపమానంగా వాడుతూ వచ్చినారో అది తుపాకిగుండుకన్న చాల మందమైనదని ఆ ప్రయోగంతో తెలిసివచ్చినది.

వార్త వేగం తెలిసినది గాని, వార్త నడిచే దారి కానరాలేదు. ప్రాణులన్నీ కణాలతో నిర్మితమైనవని 1838, 1839 సంవత్సరాలలో ష్లైడెన్, ష్వాన్ సిద్ధాంతీకరించినారు. కాలేయం, చర్మం, కండ, అన్నీ ఆ సూత్రానికి లొంగినవి. మెదడు మాత్రం లొంగలేదు. చిన్నమెదడులో పెద్ద పెద్ద కణాలున్నవని 1837లోనే చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే చూపినాడు. 29 ఏళ్లకే మరణించిన ఓటో డైటర్స్ అనే జర్మన్ వైద్యుని గ్రంథం 1865లో వెలువడి, నాడీకణానికి కొమ్మలవంటి పొట్టి శాఖలు కొన్ని, సన్నని పొడుగు తంతువు ఒకటి ఉంటవని వివరించినది. కాని ఆ శాఖలు ఎక్కడ ముగుస్తవో ఎవరికీ తెలియదు. మెదడు ముక్కను సన్నగా కోసి సూక్ష్మదర్శినికింద పెడితే, ఒకదానిలో ఒకటి చిక్కుకొన్న అసంఖ్యాకమైన పోగులు తప్ప మరేమీ గోచరించేది కాదు. ఆ చిక్కునే గెర్లాఖ్ వంటి పండితులు అఖండమైన వలగా భావించినారు. చూపు ఆగిన చోట ఊహ మొదలు కావడం సహజమే.

ఈ స్థితిలో కమిల్లో గోల్జీ రంగంలోకి వచ్చినాడు. 1843లో ఉత్తర ఇటలీలోని ఒక కొండపల్లెలో జన్మించిన ఈ వైద్యుడు 1872లో మిలాను సమీపాన అబ్బియాతెగ్రాస్సో అనే ఊళ్లో, నయంకాని రోగుల ఆశ్రమానికి ముఖ్యవైద్యుడుగా చేరినాడు. అక్కడ ప్రయోగశాల లేదు. తన బసలోని వంటగదినే ప్రయోగశాలగా మార్చుకొని, రాత్రులు దీపపు వెలుతురులో పనిచేసినాడు. పొటాషియం డైక్రోమేటులో నానబెట్టి గట్టిపరచిన మెదడు ముక్కను వెండి నైట్రేటు ద్రావకంలో ముంచితే, కొన్ని కణాలు మాత్రం ఆమూలాగ్రం నల్లబారుతున్నవని ఆయన కనిపెట్టినాడు. 1873లో ప్రకటించిన ఈ పద్ధతికి 'నల్లని ప్రతిక్రియ' అని పేరు వచ్చినది.

ఈ పద్ధతి గొప్పదనం అది రంగు వేయడంలో కాక, ఎక్కువ భాగాన్ని రంగు వేయక విడిచిపెట్టడంలో ఉన్నది. ముక్కలోని కణాలన్నీ నల్లబారినట్లయితే చూపరికి సిరా మరక తప్ప ఏమీ కనిపించదు. ఇక్కడ వందకు ఏ కొన్నో మాత్రమే నల్లబారుతవి. తక్కినవన్నీ పసుపుపచ్చని నేపథ్యంలో మరుగుపడిపోగా, ఆ కొన్ని కణాలు మాత్రం శీతకాలపు ఆకాశంలో ఆకురాల్చిన చెట్లవలె కొమ్మ కొమ్మా విడివడి గోచరిస్తవి. ఆ కొన్నిటినే వెండి ఎందుకు ఎన్నుకొంటుందో నేటికీ పూర్తిగా తేలలేదు.

ఇంతటి సాధనం చేతికి వచ్చినా గోల్జీ పాత సిద్ధాంతాన్ని విడువలేదు. పొట్టి శాఖలు కణానికి ఆహారాన్ని గ్రహించే వేళ్ల వంటివనీ, పొడుగు తంతువుల కొనలు ఒకదానిలో ఒకటి కలసిపోయి ఏకమైన వల అల్లుతవనీ ఆయన నిర్ణయించినాడు. మెదడు ఒక్కటిగా ఆలోచిస్తుంది, ఒక్కటిగా అనుభవిస్తుంది; కాబట్టి దాని నిర్మాణం కూడ ఒక్కటిగానే ఉండవలెనని ఆయన మనసులోని తర్కం. ఈ తర్కంలో ఒక అందం ఉన్నదన్న మాట కాదనరాదు. దానికి తగిన సాక్ష్యం మాత్రం ఆయన కాచుదిమ్మెలపై లేదు.

రెండవవాడు స్పెయిను దేశీయుడైన సాంటియాగో రమోన్ ఇ కహాల్. 1852లో పెతీయా అనే పల్లెలో పుట్టినాడు. బాల్యంలో చిత్రలేఖనం తప్ప మరొకటి పట్టని పెంకిపిల్లవాడు. వైద్యుడైన తండ్రి కొడుకును దారికి తేవడానికి మంగలివద్ద ఒకసారి, చెప్పులు కుట్టేవానివద్ద మరొకసారి పనికి కుదిర్చినాడు. చివరకు ఎముకల శాస్త్రం నేర్పే నెపంతో బొమ్మలు గీసే చేతికి తగిన పని చూపించి వైద్యవిద్యలో ప్రవేశపెట్టినాడు. యువకుడైన కహాల్ సైనిక వైద్యుడుగా క్యూబాకు పోయి, మలేరియాతో శల్యావశిష్టుడై 1875లో తిరిగి వచ్చినాడు. కూడబెట్టిన జీతపుసొమ్ముతో ఒక సూక్ష్మదర్శిని కొనుక్కొన్నాడు.

1887లో మాడ్రిడ్‌లో లూయీస్ సిమార్రో అనే వైద్యుడు గోల్జీ పద్ధతిలో తయారైన కాచుదిమ్మెలను కహాల్‌కు చూపించినాడు. ఆ పద్ధతి వెలువడి అప్పటికి 14 సంవత్సరాలు గడచినవి. కాని అది ఒకసారి ఫలించి పదిసార్లు విఫలం కావడంవల్ల చాలమంది దానిని వదలివేసినారు. కహాల్ వదలలేదు. ముక్కను ద్రావకాలలో ఒకసారికి బదులు రెండుసార్లు ముంచి రంగును గాఢం చేసినాడు. అంతకన్న ముఖ్యమైనది ఆయన చేసిన మరొక మార్పు. పెరిగిన జంతువులలో నాడీతంతువులపై కొవ్వుపొర ఏర్పడి ఉంటుంది. ఆ పొర వెండిని లోనికి రానీయదు. కనుక గుడ్డులోని పక్షిపిండాలను, అప్పుడే పుట్టిన జంతువులను ఆయన పరీక్షకు ఎన్నుకొన్నాడు. దట్టంగా ఎదిగిన అడవిలో దారి తెలియనివాడు నారుమడిలో మొక్కలను పరిశీలించినట్లు, మెదడు ఎదిగే దశలోనే దాని రహస్యాన్ని పట్టుకొన్నాడు.

1888లో బార్సెలోనా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉంటూ, పక్షుల చిన్నమెదడుపై తన పరిశోధన ఫలితాలను ప్రకటించినాడు. అవి అచ్చయిన పత్రిక ఆయన సొంత ఖర్చుతో స్థాపించినదే. తంతువుల కొనలు మరొక కణాన్ని బుట్టవలె చుట్టుకొంటున్నవి, తీగవలె పెనవేసుకొంటున్నవి. కాని ఎక్కడా దానిలో కలసిపోవడం లేదు. ప్రతి కొమ్మకూ ఒక కొస ఉన్నది. అదే ఊహ అంతకు కొద్దికాలం ముందు హిస్, ఫోరెల్ అనే పండితులకు కూడ వేరువేరు మార్గాలలో తోచినది. కన్నులార చూపించినవాడు కహాల్. ఐతే స్పానిష్ భాషలో అచ్చయిన పత్రికను చదివేవారెవరు? 1889లో ఆయన తన దిమ్మెలను మూటగట్టుకొని బెర్లిన్‌లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుల సభకు పోయినాడు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. వచ్చీరాని ఫ్రెంచిలో పలుకరించి, వృద్ధుడూ ప్రతిష్ఠావంతుడూ అయిన కొల్లికర్‌ను సూక్ష్మదర్శినివద్దకు తీసుకొనిపోయినాడు. కొల్లికర్ చూసినాడు, అంతవరకు తాను నమ్మిన వలసిద్ధాంతాన్ని కాలక్రమాన విడిచిపెట్టినాడు. 1891లో వాల్డయర్ అనే పండితుడు ఈ కొత్త పరిశోధనలను సమీక్షించి, నాడీకణానికి 'న్యూరాన్' అని పేరు పెట్టినాడు.

న్యూరాన్‌కు మూడు భాగాలు. నడుమ కణదేహం, దానినుండి వెలువడే శాఖలు, ఒక పొడుగు తంతువు. వార్త శాఖలద్వారా లోనికి వస్తుంది, తంతువుద్వారా వెలికి పోతుంది. ఈ దిశ మారదని కహాల్ సూత్రీకరించినాడు. కణాల రూపాలు మాత్రం అనేకం. చిన్నమెదడులోని పుర్కిన్యే కణం విసనకర్రవలె విచ్చుకొని ఉంటుంది. పెద్దమెదడు పైపొరలోని కణం గోపురాకారంలో ఉంటుంది. వెన్నుపామునుండి పాదంలోని కండకు పోయే కణం తంతువు పొడవు దాదాపు ఒక మీటరు. వేడి పెనంపై వేలు తగిలినప్పుడు చర్మంలోని వార్తను వెన్నుపాముకు చేర్చేది ఒక జాతి, దానిని అందుకొని మరొకరికి అందించేది వేరొక జాతి, చేతిని వెనుకకు లాగించేది ఇంకొక జాతి. మనిషి 'అబ్బా' అనేలోపుననే చేయి వెనుకకు వస్తుంది. ఒక కణం మరొక కణాన్ని కలుసుకొనే చోటికి ఆంగ్ల శాస్త్రజ్ఞుడు షెరింగ్‌టన్ 1897లో 'సినాప్స్' అని పేరు పెట్టినాడు. తెలుగులో దానిని సంధి అనవచ్చును. వ్యాకరణంలో సంధి జరిగితే రెండు అక్షరాలు కలసి ఒకటవుతవి. ఈ సంధిలో మాత్రం రెండూ రెండుగానే నిలుస్తవి.

1906లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానాన్ని గోల్జీ, కహాల్‌లకు కలిపి ప్రకటించినారు. ఆ శాస్త్రంలో బహుమానం ఇద్దరికి పంచడం అదే మొదటిసారి. అంతవరకు ఒకరినొకరు చూసి ఎరుగని ఆ ఇద్దరు స్టాక్‌హోమ్‌లో కలుసుకొన్నారు. డిసెంబరు 11న గోల్జీ ఉపన్యసించినాడు. న్యూరాన్ సిద్ధాంతమే తన ఉపన్యాస విషయమని చెప్పి, అది ప్రాభవం కోల్పోతున్నదని ఆ సిద్ధాంతకర్త సమక్షంలోనే వాదించినాడు. మరునాడు కహాల్ లేచి, ఏ పద్ధతి లేకపోతే తన పని సాగేది కాదో ఆ పద్ధతిని కనిపెట్టినవానికి గౌరవం చెల్లించి, తాను చూసినది చూసినట్లు వివరించినాడు. 1926లో మరణించేవరకు గోల్జీ తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు.

కణాలు విడివిడివని ఒప్పుకొన్న తరువాత రెండు ప్రశ్నలు మిగిలినవి. ఒక కణంలో వార్త ఎట్లు నడుస్తుంది? రెండు కణాల నడుమ ఖాళీని ఎట్లు దాటుతుంది?

మొదటి ప్రశ్నకు 1902లో బెర్న్‌స్టైన్ సగం సమాధానం చెప్పినాడు. కణపు పొరకు లోపల పొటాషియం, వెలుపల సోడియం అధికం. అందువల్ల పొరకు ఇరువైపుల ఒక వోల్టులో వెయ్యోవంతులు సుమారు 70 మేరకు విద్యుద్భేదం ఉంటుంది. వార్త అంటే ఈ భేదం క్షణకాలం తారుమారు కావడమే. ఆ అల పుడితే పూర్తిగా పుడుతుంది, లేకపోతే అసలు పుట్టదు. దెబ్బ గట్టిదైతే అల పెద్దది కాదు, అలలు వెంటవెంట వస్తవి; ఈ సంగతిని 1920వ దశకంలో ఏడ్రియన్ నిరూపించినాడు. సమాధానంలో తక్కిన సగం సముద్రంలో దొరికినది. స్క్విడ్ అనే సముద్రజీవిలో ఒక మిల్లీమీటరు వరకు మందం ఉండే నాడీతంతువు ఉన్నది. 1939లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఆంగ్లేయులు ప్లిమత్ రేవులో దానిలోనికి సన్నని విద్యుత్ శలాకను దూర్చి అలను కొలిచినారు. కొద్ది వారాలకే యుద్ధం వచ్చి పని ఆగినది. 1952లో వారు ప్రకటించిన వ్యాసాలలో మొదట సోడియం లోనికి దూసుకొనిపోవడం, వెనువెంటనే పొటాషియం వెలికి రావడం గణితసూత్రాలలో ఇమిడిపోయినవి.

లోనికి వచ్చిన సోడియాన్ని మళ్లీ వెలికి తోడిపోయవలె గదా! ఆ తోడే యంత్రాన్ని 1957లో డేనిష్ శాస్త్రజ్ఞుడు స్కోవ్ గుర్తించినాడు. అది నడవడానికి కావలసిన ఇంధనం ఎడినొసిన్ ట్రైఫాస్ఫేటు. ఆ పదార్థాన్ని 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు వేరువేరుగా కనుగొన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావు వెతికినది కండరాల శక్తి రహస్యాన్ని. ఐనా మెదడుకూ అదే ఆధారమని తరువాత తెలిసినది. దేహపు బరువులో నూటికి రెండు వంతులైన మెదడు, దేహం ఖర్చుచేసే శక్తిలో ఇంచుమించు 20 వంతులు తీసుకొంటుంది. అందులో పెద్ద భాగం ఈ తోడిపోతకే చెల్లిపోతుంది.

ఈ విద్యుత్ అల జంతువుల సొత్తేనా అన్న ప్రశ్నను భారతదేశంనుండి లేవనెత్తినవాడు జగదీశచంద్ర బోసు. ఉద్దీపనకు మొక్కలు విద్యుత్ ప్రతిస్పందన చూపుతవని 1901లో ఆయన లండన్ రాయల్ సొసైటీలో ప్రదర్శించగా, పెద్ద శరీరశాస్త్రజ్ఞుడు బర్డన్ శాండర్సన్ ఆక్షేపించినాడు. బోసు వెనుకకు తగ్గలేదు. 1917లో కలకత్తాలో సొంత పరిశోధనాలయాన్ని స్థాపించి, అత్తిపత్తి ఆకులు ముడుచుకొనేటప్పుడు కాడలో సాగే అలను కొలిచి, 1926లో మొక్కల నాడీవిధానంపై గ్రంథం రచించినాడు. మొక్కలలో న్యూరాన్ వంటి కణం లేదు. కనుక 'నాడి' అన్న మాట అక్కడ అక్షరాలా చెల్లదు. కాని మొక్క కణాలలో విద్యుత్ అలలు పుట్టి ప్రసరిస్తవన్న మాట నేడు నిర్వివాదం.

రెండవ ప్రశ్నకు సమాధానం ఒక కలలో దొరికినది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఓటో లోయివీ ఒక రాత్రి మేలుకొని ఏదో వ్రాసుకొన్నాడు. తెల్లవారి ఆ వ్రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి అదే కల వచ్చినది. ఈసారి కాగితం వెతుక్కోక తిన్నగా ప్రయోగశాలకు పోయినాడు. రెండు కప్పల గుండెలను వేరుగా తీసి, మొదటి గుండె నాడిని విద్యుత్తుతో ప్రేరేపించి వేగం తగ్గించినాడు. దానిని తడిపిన నీటిని రెండవ గుండెపై పోయగా అది కూడ మందగించినది. 1921లో ప్రకటితమైన ఈ ప్రయోగంతో, నాడి కొన ఒక రసాయనాన్ని విడుదల చేస్తుందని స్పష్టమైనది. ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్. దానిపై ముందే పనిచేసిన డేల్‌తో కలిసి లోయివీ 1936లో నోబెల్ బహుమానం పొందినాడు. రెండేళ్లకే నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించి ఆయనను చెరలో వేసినారు. బహుమానపు సొమ్మును వారికి ధారపోసి దేశం విడువవలసి వచ్చినది.

మెదడులోని సంధులు మాత్రం విద్యుత్తుతోనే పనిచేస్తవని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు ఎక్లెస్ ఏళ్ల తరబడి వాదించినాడు. 1951లో తన ప్రయోగమే తన వాదాన్ని ఖండించగా, బహిరంగంగా ఓటమి అంగీకరించి ప్రతిపక్షంలో చేరినాడు. గోల్జీ చేయలేకపోయిన పని అది. తరువాత కాట్స్, ఆ రసాయనం చిన్న చిన్న మోతాదులుగా, పొట్లాలు విప్పినట్లు విడుదల అవుతుందని చూపినాడు. 1950వ దశకంలోనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఆ పొట్లాలను, వాటి ముందున్న ఖాళీని కూడ కంటికి చూపించినది. ఆ ఖాళీ వెడల్పు మిల్లీమీటరులో సుమారు 50,000వ వంతు. కహాల్ 1934లోనే కన్నుమూసినాడు. జీవితమంతా తాను పోరాడి నిలిపిన ఆ ఖాళీని ఆయన ఎన్నడూ చూడలేదు.

ఇంతవరకు చెప్పినది న్యూరాన్ల కథ. మెదడులో మరొక జాతి కణాలున్నవి. 1856లో విర్కో వాటిని నాడులను అతికించే జిగురుగా తలచి 'గ్లియా' అని పేరు పెట్టినాడు; గ్రీకులో ఆ మాటకు జిగురని అర్థం. అవి జిగురు కావని నేడు తెలుసు. నక్షత్రాకారపు కణాలు న్యూరాన్ల పరిసరాలను శుభ్రపరచి పోషిస్తవి. తంతువులపై కొవ్వుపొర కట్టేవి మరికొన్ని; ఆ పొర ఉన్న తంతువులో వార్త సెకనుకు 100 మీటర్లకు మించి కూడ పోగలదు, లేనిదానిలో ఒకటి రెండు మీటర్లే. ఆ పొర నశించిన రోగికి నడక తడబడుతుంది, చూపు మసకబారుతుంది. సూక్ష్మగ్లియా అనేవి మెదడుకు కాపలాదారులు. ఈ కాపలా కణాలను 1919లోను, మెదడులో కొవ్వుపొర కట్టే కణాలను 1921లోను గుర్తించినవాడు కహాల్ సంస్థలోనే పనిచేసిన పీయో దెల్ రీయో ఓర్తేగా. ఆ కనుగోలును కహాల్ వెంటనే అంగీకరించలేదు. ఓర్తేగా 1920లో ఆ సంస్థను విడువవలసి వచ్చినది. గోల్జీ మొండితనాన్ని ఎదిరించిన మహాపురుషునికి సైతం, తన వెనుకవాని చూపును నమ్మడం కష్టమైనది.

గోల్జీ మాట పూర్తిగా అసత్యమనీ అనరాదు. 1950వ దశకం చివర ఫర్ష్‌పాన్, పాటర్ అనేవారు క్రేఫిష్ అనే మంచినీటి జీవిలో, రసాయనం ప్రమేయం లేకుండా విద్యుత్తే నేరుగా ఒక కణంనుండి మరొకదానికి పారే సంధిని చూపినారు. అట్టివి క్షీరదాల మెదడులలో కూడ ఉన్నవని తరువాత బయటపడినది. అక్కడ రెండు కణాల పొరల నడుమ సన్నని ద్వారాలు తెరచి ఉంటవి. అవి కొద్ది మాత్రమే. కణాల వ్యక్తిత్వానికి భంగం కలిగించవు. ఐనా ఆయన ఊహించిన ఐక్యానికి ఒక మూల చోటు దొరికినది.

మానవుని మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లని 2009లో లెక్క తేలినది. గ్లియా కణాలు కూడ దాదాపు అన్నే. మెదడుపై పనిచేసే అనేక ఔషధాలు పట్టుకొనేది వాటి నడుమనున్న సంధులనే. పార్కిన్సన్ రోగికి చేతివణుకు తగ్గించే మందు ఆ సంధిలో కొరవడిన రసాయనాన్ని పూరించడానికే పుట్టినది. మెదడును అఖండమైన వలగానే భావించి ఉంటే అట్టి మందును వెదకవలసిన చోటే తోచేది కాదు.

కహాల్ గీసిన చిత్రాలు, తయారుచేసిన కాచుదిమ్మెలు మాడ్రిడ్‌లో భద్రంగా ఉన్నవి. ఆ దిమ్మెలపై నల్లబారిన కణాలను చూపించినది గోల్జీ పద్ధతి. అవి ఎక్కడ ముగుస్తున్నవో చూసినది కహాల్ కన్ను.